నేటి తలకు నేటి కొలత

పల్నాటిలో తారురోడ్డు ముగిసినచోట ప్రయాణము ముగియదు. నరసరావుపేటనుండి గాని గురజాలనుండి గాని బయలుదేరిన మోటారు సైకిలు రోడ్డు దిగి, మేజరు కాలువ కట్ట యెక్కి, అటనుండి పత్తిచేల నడుమ సాగు డొంకలోనికి దిగినప్పుడు, పెట్రోలు ట్యాంకుమీద ఒక పిల్లవాడు, వెనుక తల్లియొడిలో మరియొక పసిబిడ్డ, హ్యాండిలుకు వ్రేలాడు అన్నపు క్యారియరు, ఇది మాకు నిత్యదృశ్యము. నల్లరేగడి స్వభావము ఎరిగినవారికి ఆ డొంక స్వభావము వేరుగ చెప్పనక్కరలేదు. వానకాలమున ట్రాక్టరు చక్రములు త్రొక్కిన గాడులు వేసవి వచ్చుసరికి ఎండి గట్టిపడి నిలిచిపోవును. వాని అంచున ముందుచక్రము జారినచో ఎంత చేయితిరిగినవాడైనను బండిని నిలుపుట కష్టము.

పాశ్చాత్య దేశములలో దారిలేని నేలపై నడుపుటకే పిల్లలకు చిన్న మోటారు సైకిళ్లు, నాలుగు చక్రముల బండ్లు ప్రత్యేకముగ చేసి అమ్ముచున్నారు. వానితోపాటు గడ్డము ముందుకు పొడుచుకొని వచ్చిన హెల్మెట్టు, దుమ్ముకు కళ్లజోడు, ఛాతీకి కవచము, మోచేతులకు మోకాళ్లకు చిప్పలు, పిక్కలవరకు వచ్చు బూట్లు అమ్ముదురు. ఇన్ని తొడుగులున్నను, పదునారేండ్లు నిండనివారు ఆ నాలుగు చక్రముల బండి నెక్కనేరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ దీర్ఘకాలముగ చెప్పుచునే యున్నది. మన పిల్లలు వినోదమునకు గాక పనిమీద, బడిమీద, పెండ్లిమీద అట్టి నేలపైననే తిరుగుచున్నారు. నేల యొక్కటే, పడుట యొక్కటే. తొడుగు మాత్రము మనకు లేదు.

ఉన్నచోటను అది సరియైనది కాదని చెప్పుటకే ఈ వారము పూనుకొంటిని. నరసరావుపేటలో ఒక దుకాణమున నా మనుమనికి హెల్మెట్టు చూచుచుండగా, ప్రక్కన ఒక రైతు తన కుమారుని నిలువబెట్టి, "ఎదిగే పిల్లోడు గదయ్యా, ఒక నంబరు పెద్దదే ఇయ్యి, ఇంకో నాలుగేళ్లు వస్తది," అని అడిగెను. దుకాణదారుడు, "లోపల తువ్వాలు మడతేసి పెడితే సరిపోద్దిలే బాబాయ్," అని ఊరట పలికెను. ఇరువురి మాటలోను దురుద్దేశము లేదు. సంక్రాంతికి చొక్కా కుట్టించునప్పుడు, బడి తెరచునప్పుడు లాగు కొనునప్పుడు, ఒక అంగుళము వదులుగ ఉంచుట తరతరములుగ మన యిండ్ల పొదుపు. ఆ పొదుపుతోనే పిల్లలు పెరిగినారు, నేనును పెరిగితిని. కాని ఆ న్యాయము తలకు వర్తింపదు. వర్తింపకుండుటకు రెండు కారణములున్నవి.

మొదటిది, తల ఒడలివలె ఏటేట ఎదుగునది కాదు. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 35 సెంటీమీటర్లు. రెండేండ్లకే అది 48 వరకు వచ్చును. అయిదేండ్లకు 51 ప్రాంతమున నుండును. పెద్దవాని తల 55, 57 నడుమ నుండుట సామాన్యము. అనగా అయిదవ యేటనుండి యౌవనము వరకు, ఎత్తు మూరలకొలది పెరుగు కాలమున, తల పెరుగునది అయిదారు సెంటీమీటర్లు మాత్రమే. సరిగ్గా పట్టిన హెల్మెట్టు చొక్కాకంటె ఎక్కువ కాలము వచ్చును. ఎదుగుదలకని వదులు కొనువాడు, స్వల్పమైన ఎదుగుదలకొరకు నేటి రక్షణను వదలుకొనుచున్నాడు.

రెండవది, హెల్మెట్టు పని చేయు విధము. పైన మెరయు గట్టి డిప్ప కాదు ప్రాణము నిలుపునది. దాని లోపల థర్మోకోలువంటి నురుగుపొర యొకటి యున్నది, దెబ్బ తగిలిన క్షణమున అది నలిగి, నలుగుటకు పట్టినంత కాలము తల ఆగుటకు అవకాశమిచ్చి, మెదడుకు చేరవలసిన తాకిడిని తాను త్రాగివేయును. వదులు హెల్మెట్టులో తల ముందు ఖాళీలో కదలి, ఆపైన పొరకు తగులును. కొన్ని వేళల తల నేలకు తగులకమునుపే హెల్మెట్టే ఊడి దొర్లిపోవును. మడిచిపెట్టిన తువ్వాలు ఈ పని చేయజాలదు. ఒకసారి నలిగిన పొర మరల లేవదు. గావున గట్టిగ నేలకు తగిలిన హెల్మెట్టును, పైకి గీతయైన కనబడకున్నను, పక్కన పెట్టవలసినదే.

"డొంకలో ఎంత వేగముగ పోదుము?" అని యడుగువారికి ఒక చిన్న లెక్క చెప్పెదను. బండి నిలిచియుండగనే పిల్లవాని తల ఒకటిన్నర మీటరు ఎత్తునుండి నేలకు పడినచో, తగులు సమయమున దాని వేగము గంటకు ఇంచుమించు 19 కిలోమీటర్లు. ఆ వేగముతో గోడకు తల కొట్టుకొనుటకును ఎండిన గాడి అంచుకు కొట్టుకొనుటకును భేదము లేదు. 1935 మే మాసమున ఇంగ్లండులో, సైకిళ్లపై పోవు ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలు నుండి పడి మరణించిన 'అరేబియా లారెన్సు' అని పేరొందిన టి.ఇ. లారెన్సుకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడుండెను. తరువాత ఆయన మోటారు సైకిలు వారి తలగాయములను పరిశీలించి 1941లో ప్రకటించిన వ్యాసము హెల్మెట్టు ఆవశ్యకతను వైద్యలోకమునకు చాటిచెప్పెను. మనదేశమున 2019 సవరణతో నాలుగేండ్లు దాటిన ప్రతివారికి హెల్మెట్టు విధిగ ఏర్పడినది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్లలోపు పిల్లలకు సరిపోవు హెల్మెట్టును, నడుపువానికి బిడ్డను బంధించు పట్టీల కట్టును ఉండవలెననియు, అట్టి బిడ్డ ఉన్నప్పుడు వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2022 ఫిబ్రవరిలో వెలువడిన నియమము, ఏడాది తరువాత అమలునకు వచ్చినది. పేటలో ఆ పట్టీలకట్టు వాడగా నేను చూడలేదు. ట్యాంకుమీద కూర్చున్న బిడ్డను మాత్రము దినదినము చూచుచున్నాను. హ్యాండిలుకును తండ్రి రొమ్ముకును నడుమ కూర్చున్న ఆ బిడ్డపై, బండి హఠాత్తుగ ఆగినంతనే, తండ్రి బరువంతయు పడును.

నా మనుమనికి కొనిన తీరు చెప్పుట నిష్ప్రయోజనము కాదనుకొందును. టేపును కనుబొమలకు ఒక అంగుళము పైగా, వెనుక తల యెక్కువ ఉబ్బిన చోటును కలుపుకొని చుట్టి, కొలత తీసికొంటిమి. హెల్మెట్టు తొడిగినప్పుడు చెంపలు కొంచెము నొక్కబడి పిల్లవాని పెదవులు ముందుకు వచ్చినవి. "బిగుతుగా ఉంది తాతా," అనెను. బిగుతు వేరు, నొప్పి వేరు. దానిని రెండు చేతుల పట్టి ఇటునటు త్రిప్పగా నుదుటి చర్మము దానితోపాటు కదలినది. అది మంచి గుర్తు. గడ్డము పట్టీ బిగించి, వెనుకనుండి అంచు పట్టి ముందుకు ఎత్తి చూచితిమి, ఊడలేదు. అటుపిమ్మట తీయనీయక పదిహేను నిమిషములు దుకాణములోనే కూర్చుండబెట్టి, తీసిన తరువాత నుదుట ఒకేచోట ఎర్రని మచ్చ పడినదేమో చూచితిమి. ఐఎస్‌ఐ గుర్తు, దానితో ఐ.ఎస్. 4151 అను సంఖ్య చూడకుండ ఏదియు కొనరాదు; 2021 జూన్ 1 నుండి ఆ గుర్తు లేని హెల్మెట్టు చేయుటయు అమ్ముటయు నిషిద్ధము. రోడ్డుప్రక్కన కర్రలకు వ్రేలాడదీసి అమ్మునవి ఇంకను కనబడుచునే యున్నవి.

ఎండమాట తప్పక వచ్చును. రెంటచింతల ఎండ ఎట్టిదో రాష్ట్రమంతయు ఎరుగును. వైశాఖమాసపు మధ్యాహ్నమున పిల్లవాడు తలమీద దేనిని ఓర్వగలడని తల్లులడుగుట న్యాయమే. గాలి రంధ్రములున్నది, రంగు తెల్లనిది, చేతికి తేలికగ తోచునది ఏరుకొనవలెను. పసివాని మెడ బలహీనము గావున బరువు తగ్గుట ఎట్లును మేలు. తలకు పలుచని నూలుగుడ్డ కట్టి తొడిగినచో చెమట పీల్చుకొనును, ఆ గుడ్డ మందము కొలతలోనే చేర్చుకొనవలెను. అంతకంటె మేలైనది, ఆ ఎండవేళ బిడ్డను డొంకకు తీసికొనిపోకుండుట.

తలతోనే పని ముగిసినదని తలచువారు పాదముల మాట మరతురు. పిల్లలకు ఈ బండ్లమీద తగులు గాయములలో నన్ను మిక్కిలి బాధించునది మడమ గాయము: కాలు నిలుపుకొను మెట్టు అందని బిడ్డ కాలు వ్రేలాడుచు వెనుకచక్రపు పుల్లలలోనికి పోవును, హవాయి చెప్పుతో సహా మడమ చర్మము ఊడివచ్చును. వెనుక కూర్చుండువానికి చేతిపట్టు, కాలిమెట్టు, చక్రమును సగమైనను కప్పు రక్షకము ఉండవలెనని 1989 నాటి మోటారు వాహన నియమములే చెప్పుచున్నవి. చీరకు అడ్డముగ బిగించు ఆ కమ్మీని, పాత బండికి అందము చెడునని విప్పి అటకమీద పడవేసినవారెందరో. దానిని దింపి మరల బిగించుటకు మెకానిక్కునకు ఇచ్చు కూలి స్వల్పము. దానితోపాటు చీలమండ కప్పు బడిబూటు, పిక్క కప్పు మందపు లాగు ఉన్నచో సైలెన్సరు కాల్పునుండియు బిడ్డ తప్పించుకొనును. కాలువకట్ట దుమ్ములోను, పిడుగురాళ్ల సున్నపు గాలిలోను, కల్లములనుండి లేచు మిరపఘాటులోను కళ్లకు అద్దము దించుకొనుట మరువరాదు. చీకటి పడిన పిమ్మట నల్లటద్దము పనికిరాదు.

ఎంత మంచి తొడుగుకును లొంగని చోటొకటి యున్నది. ట్రాక్టరు మడ్‌గార్డుమీద కూర్చున్న బిడ్డకు హెల్మెట్టు, బూటు, కవచము ఏవియు చాలవు. అచట జారినవాడు పెద్దచక్రము క్రిందనో రోటవేటరు ముందరనో పడును. పన్నెండేండ్ల కొడుకు ట్రాక్టరు తోలుచున్నాడని చెప్పు తండ్రి గొంతులోని గర్వము నాకు తెలియును. కారెంపూడి వీరుల ఉత్సవములు చూచి పెరిగిన సీమ ఇది, బొంగరమాడు ప్రాయమున పోరికి నడచిన బాలచంద్రుని కథ వినని పసివాడు ఇచట లేడు. ఆ బాలుని యుద్ధమునకు పోనీక నిలుపుటకు తల్లి ఐతాంబ పడిన పాట్లు కూడ ఆ కథలోనివే. ఆ భాగమును మనము ఏల అంత తక్కువగ చెప్పుకొందుము? మైనరు నడపగా పట్టుబడినచో తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేండ్లవరకు కారాగారము విధింపవచ్చునని చట్టమున్నది. తండ్రులు ఆ చట్టమునకు జంకి కాక, మడ్‌గార్డు స్వభావమెరిగి బిడ్డను దింపవలెనని నా కోరిక.

ఇక ఖర్చుమాట. పెద్దవానికి చాలని హెల్మెట్టు, పడనిదియు పగలనిదియు అని యింటివారికి నిశ్చయముగ తెలిసినప్పుడు, తమ్మునికో చెల్లెలికో ఇచ్చుటలో దోషము లేదు; చరిత్ర తెలియని పాతది మాత్రము ఎవరిచ్చినను తీసికొనరాదు. పెట్రోలు, టర్పెంటైను తగిలినది, సంవత్సరములుగ ఎండలో వ్రేలాడినది పనికిరాదు. తమ్మునికి తొడుగునప్పుడు టేపు మరల తీయవలెను, చెంపల మెత్తలు అణగినవేమో నొక్కి చూడవలెను, పట్టీ బకిలు టక్కుమని పట్టుచున్నదో లేదో పరీక్షింపవలెను. బడి తెరచు జూన్ మాసమున, పుస్తకములకు అట్టలు వేయు దినముననే ఆ పనియు కానిచ్చినచో సరిపోవును.