ఒక డ్రిప్ వాల్వు, రెండు పుస్తకాలు

చాట్రాయి వైపు మామిడి తోటల్లో పూతకు ముందు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తెస్తారు. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడులు మొదలవుతాయి. అప్పుడు నేల ఒకసారి ఎండి, ఒకసారి ముద్దయితే పిందె నిలవదు. ఈ తడుల పని సెన్సర్‌కూ ఆటోమేటిక్ వాల్వుకూ అప్పగించామనుకోండి. డ్రిప్పర్ దగ్గర పడిన నీరు అడుగు లోతున ఉన్న సెన్సర్‌ను చేరడానికి గంటలు పట్టవచ్చు. అంతదాకా సెన్సర్ పొడిగా ఉందనే చెబుతుంది, వాల్వు నీళ్లు వదులుతూనే ఉంటుంది. ఆలస్యం ఉన్న నియంత్రణ వ్యవస్థలన్నిటికీ ఇదే జబ్బు.

ఈ జబ్బుకు వైద్యం చెప్పిన పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి చార్లెస్ డెసోయర్, మాతుకుమల్లి విద్యాసాగర్ కలిసి 1975లో తెచ్చిన ‘ఫీడ్‌బ్యాక్ సిస్టమ్స్: ఇన్‌పుట్-అవుట్‌పుట్ ప్రాపర్టీస్’. విద్యాసాగర్ గుంటూరులో పుట్టినవారు, తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో పనిచేశారు. రెండోది విమ్ మిషీల్స్, సిల్వియు నికులెస్కు 2007లో రాసిన కాలవిలంబ వ్యవస్థల గ్రంథం. ఇది పూర్తిగా మూలాల వర్ణపటం మీదే నడుస్తుంది.

తోట లెక్కే తీసుకుందాం. నేలలో తేమ మనం కోరిన మట్టం నుంచి ఎంత తప్పిందో, ఆ తేడా గంటకు 0.2 రేటున తనంతట తానే తగ్గుతుందని, వాల్వు దిద్దుబాటు రేటు 0.4 అని అనుకుందాం. ఈ అంకెలు నేను ఊహించినవే. మిషీల్స్, నికులెస్కుల దారిలో లక్షణ సమీకరణం రాస్తాం. ఆలస్యం చేరగానే దానికి అనంతంగా మూలాలు పుడతాయి. భయపడనక్కర్లేదు. ఇలాంటి సమీకరణంలో ఏ నిలువు గీత గీసినా దానికి కుడివైపున ఉండేవి కొన్నే, అన్నిటికంటే కుడిపక్కన ఉన్నది ఏమంటుందన్నదే తీర్పు. ఆలస్యం పెంచుతూ పోతే అలా కుడిపక్కన ఉన్న మూలాల జంట స్థిరత్వానికి హద్దైన ఊహాక్షం వైపు జరుగుతుంది, సుమారు 6.05 గంటల దగ్గర దాన్ని తాకుతుంది. అక్కడ నేల తేమ 18 గంటలకోసారి పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఇంత కచ్చితంగా చెప్పగలగడం చిన్న సంగతి కాదు. ఆలస్యం ఆరు గంటల లోపు ఉంటే ఊగిసలాట ఎంత త్వరగా అణుగుతుందో కూడా ఆ మూలమే చెబుతుంది.

డెసోయర్, విద్యాసాగర్ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చేది స్మాల్ గెయిన్ సిద్ధాంతం. వలయమంతా తిరిగొచ్చేసరికి సంకేతం పెరిగే నిష్పత్తి, అంటే గెయిన్, ఒకటి లోపు ఉంటే వ్యవస్థ చెదరదని దాని సారం. ఆలస్యం సంకేతాన్ని వెనక్కి జరుపుతుంది గానీ పెంచదు, కాబట్టి దాని గెయిన్ ఒకటే. అందుకే దిద్దుబాటు రేటు, తేడా తనంతట తానే తగ్గే 0.2 లోపు ఉంటే ఆలస్యం ఆరు గంటలైనా అరవై గంటలైనా వ్యవస్థ చెదరదు. పూటపూటకూ ఆలస్యం మారినా ఆ హామీ పోదు. పూర్తిగా తెరుచుకున్నాక ఇంకేమీ చేయలేని వాల్వు స్వభావం కూడా ఇందులో ఇముడుతుంది. అయితే 0.4 అన్నామంటే ఈ పరీక్ష పెదవి విప్పదు. (ఆ పుస్తకంలోనే నైక్విస్ట్ తరహా రేఖాచిత్ర పరీక్ష ఉంది, అది కచ్చితమైన హద్దు ఇస్తుంది. కానీ అక్కడికి చేరాలంటే నార్మ్‌ల అడవి దాటాలి, ఒక్క తోట ఉదాహరణ లేకుండా.)

ఈ విషయంలో వర్ణపటం పుస్తకం పాఠకుడి మీద దయ చూపింది. బొమ్మల్లో మూలాలు కదలడం కనిపిస్తుంది, నెట్‌వర్క్ రద్దీ లాంటి ఉదాహరణలు ఉన్నాయి. తన బలహీనతను దాచకపోవడం అంతకంటే మెచ్చుకోవాల్సిన సంగతి. 1957లో స్మిత్ ప్రతిపాదించిన ప్రిడిక్టర్ ఆలస్యాన్ని కొట్టేసినట్టు కనిపిస్తుంది. ఆలస్యం అంచనా రవ్వంత తప్పితే కొన్ని వ్యవస్థల్లో అదే ప్రమాదమవుతుందని పుస్తకంలో ఒక అధ్యాయమంతా వివరిస్తుంది. ఆలస్యం అంకె మీద పుస్తకాన్నంతా నిలిపినవారే ఆ అంకెను అనుమానించడం నిజాయితీ.

మా వైపు తోటలో ఆ అంకె స్థిరంగా ఉండదు. కరెంటు వేళలు, ఎర్రనేల మందం, మూసుకుపోయిన డ్రిప్పర్లు దాన్ని రోజూ మారుస్తాయి. అంకె మారుతున్నప్పుడు ప్రతి క్షణం విడిగా మూలాలు లెక్కగట్టి అన్నీ ఊహాక్షానికి ఎడమవైపునే ఉన్నాయన్నా స్థిరత్వానికి రుజువు కాదు. అందుకే వాల్వు బిగించే ఇంజనీరుకు నేనైతే ముందు విద్యాసాగర్ పుస్తకమే ఇస్తాను, 0.2 దాటకుండా మొదలుపెట్టమంటాను. ఒక సీజన్ కొలతలు చేతికొచ్చి ఆలస్యం ఎంతలో తిరుగుతోందో తేలాక, రేటు పెంచడానికి మిషీల్స్, నికులెస్కుల పుస్తకం తెరవవచ్చు.