కడబంతి వెలుగు

మెట్టు మీద మెట్టుగా లేచిన పరలోకమా, నిన్ను కీర్తించాలంటే ముందు నీ కింది గడప దగ్గర నిలబడాలి. అక్కడ మబ్బులున్నాయి, కొంగల బారులున్నాయి, వానకు ముందు వీచే మట్టివాసన గాలి ఉంది. బైబిల్లో దాని పేరూ ఆకాశమే. దాని మీద సూర్యచంద్రులూ చుక్కలూ తిరిగే ఆకాశం. ఆ పైది దేవుడి నివాసం. వ్యాఖ్యాతలు నిన్ను ఇలా మూడుగా లెక్క కట్టారు. ఆ మూడోదాని దాకా వెళ్లి వచ్చినవాడు గుడారాలు కుట్టుకుని బతికిన పౌలు.

పౌలు ఎంత మాటకారో చెప్పక్కర్లేదు. త్రోయలో ఒక రాత్రి ప్రసంగం మొదలుపెడితే అర్ధరాత్రి అయినా ఆపలేదు. కిటికీలో కూర్చుని వింటున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రకు తూలి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పౌలు దిగి వెళ్లి, కుర్రాణ్ని కౌగిలించుకుని, ప్రాణం ఉందని చెప్పి, మళ్లీ పైకొచ్చి తెల్లారేదాకా మాట్లాడాడు! అలాంటివాడు మూడో ఆకాశం సంగతికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. నేను వెళ్లానని కూడా అనలేదు. పద్నాలుగేళ్ల కిందట ఒక మనిషి వెళ్లాడన్నాడు. ఒంటితో వెళ్లాడో ఒళ్లు విడిచి వెళ్లాడో దేవుడికే తెలుసన్నాడు. అక్కడ విన్న మాటలు మనిషి పలకకూడనివన్నాడు. అంతే. ఆ వెంటనే తన శరీరంలో గుచ్చుకుంటున్న ముల్లు గురించి చెప్పుకొచ్చాడు. నీ గురించి రాసినవాళ్లందరిలో నేను ఎక్కువగా నమ్మేది ఆయన్నే, చూసిందంతా చెప్పెయ్యలేదు గనక.

ఆయన వదిలేసిన చోట మిగతావాళ్లు కలాలు పట్టుకున్నారు. హనోకు పేరుతో ఉన్న ఒక గ్రంథం నిన్ను పది అంతస్తులు చేసింది. 1832లో అమెరికాలోని ఒహైయోలో మోర్మన్ల ప్రవక్త జోసెఫ్ స్మిత్ సూర్యుడిలా, చంద్రుడిలా, నక్షత్రాల్లా వెలిగే మూడు మహిమల్ని చూశానన్నాడు. మిగిలిన సంఘాలు ఒప్పుకోలేదు. ఈ లెక్కలన్నీ పక్కన పెట్టినా ఒక్క పుస్తకాన్ని మాత్రం దాటి పోలేను. దాని పేరు యెషయా ఆరోహణం. తొలినాటి క్రైస్తవులు రాసుకున్నది, బైబిల్లో చేరనిది, ఇథియోపియా వాళ్ల గీజ్ భాషలో తప్ప పూర్తిగా ఎక్కడా మిగలనిది. అందులో నీకు ఏడు అంతస్తులు.

అందులో ఒక దేవదూత యెషయా ప్రవక్త చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్తున్నాడు. మొదట వచ్చింది నువ్వు కాదు, నీకూ నేలకూ మధ్య ఉన్న అంతరిక్షం. అక్కడ సాతాను దూతలు ఒకరి మీద ఒకరు ఈర్ష్యతో రగిలిపోతూ కొట్టుకుంటున్నారు. కింద భూమ్మీద ఎలా ఉందో ఇక్కడా అంతేనని దూత చెప్పాడు. ఈర్ష్యకు అదే పొలిమేర. ఆ గీత దాటాక ఒక్కో ఆకాశం ముందరిదాని కన్నా కాంతిగా ఉంది. చాలా చోట్ల నడుమ సింహాసనం, అటూ ఇటూ దూతలు, కుడివైపు వాళ్ల తేజస్సు ఎడమవైపు వాళ్ల కన్నా ఎక్కువ. హెచ్చుతగ్గులు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. కానీ కుడివైపుకు ఓరగా చూసే కన్ను ఒక్కటీ లేదు!

యెషయా ఏడో ఆకాశం చేరాక ఆ పుస్తకం అసలు దృశ్యం చూపిస్తుంది. ప్రభువు దిగుతున్నాడు. ఆరో ఆకాశం దాటగానే, ఏ అంతస్తుకు వస్తే ఆ అంతస్తు దూతల రూపం వేసుకుంటున్నాడు. ఐదో దానిలో ఎవరూ గుర్తుపట్టలేదు, తమలో ఒకడనుకుని స్తుతి కూడా చెప్పలేదు. ఇంకా కిందికి వస్తే వాకిట కావలివాళ్లు గుర్తుమాట అడిగారు. తన ఇంట్లో తానే గుర్తుమాట చెప్పి, గడప గడపా దాటి, నేల మీదికి వచ్చాడు. మెట్ల పరలోకమా, నువ్వున్నది ఎక్కడానికేనని అనుకునేవాళ్లం మేము. నీ మెట్లు ముందుగా అరిగింది దిగివచ్చిన పాదాలకు!

ఇంకో వెయ్యేళ్లు దాటాక ఫ్లోరెన్స్ తరిమేసిన కవి దాంతే నిన్ను తొమ్మిది గోళాలుగా తిప్పాడు. చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురువు, శని, ఆ పైన నక్షత్రాలు, అన్నింటినీ కదిలించే గోళం, వాటికవతల ఉత్త వెలుగు. అట్టడుగున ఉన్న చంద్రగోళంలో అతనికి కొన్ని ముఖాలు కనబడ్డాయి. కదలని నీళ్లలో నీడల్లా ఎంత పలచగా ఉన్నాయంటే, అసలు మనుషులు తన వెనక నిలబడ్డారేమోనని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ముందున్నవాళ్లే నిజం. వాళ్లలో మాట్లాడాలని ఉవ్విళ్లూరుతున్న ముఖం పిక్కార్దా దొనాతిది. ఫ్లోరెన్స్ ఆడపడుచు, దాంతే భార్య పుట్టింటి వంశం. చిన్న వయసులోనే లోకం వద్దనుకుని పునీత క్లారా సభలో మఠకన్యగా చేరింది. అన్న కోర్సో ఆమెను మఠంలోంచి బలవంతంగా లాక్కొచ్చి, తన రాజకీయానికి పనికొచ్చే పెళ్లి చేశాడు. దేవుడికిచ్చిన మాట నిలవలేదు గనక ఆమెకు కింది మెట్టు.

ఇక్కడ దాంతే మీద నాకు కోపం వస్తుంది. దౌర్జన్యం చేసింది అన్న, మెట్టు తగ్గింది చెల్లెలికి. పరలోకంలో అతనికి దారి చూపే బియాత్రిచె దీనికి పెద్ద సమర్థనే చెబుతుంది. నాకు సగమే ఎక్కింది. అయితే ఆ కోపం నాదే, పిక్కార్దాకు లేదు. ఇంకా పైకి వెళ్లాలని, ఇంకా దగ్గరగా చూడాలని నీకు లేదా అని దాంతే అడిగితే ఆమె పక్కవాళ్లతో కలిసి చిన్నగా నవ్వింది. తొలివలపులో ఉన్న పిల్లలా మెరిసిపోతూ జవాబు చెప్పింది. పైమెట్టు కావాలనుకుంటే ఈ మెట్టు ఇచ్చినవాడితో పేచీ పెట్టుకున్నట్టే కదా, ఇక్కడ ప్రేమ తప్ప పేచీకి చోటెక్కడిది అన్నది ఆమె భావం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని మన సామెత. మనం దాన్ని కాస్త కడుపుమంటతోనే వాడతాం, ఎవరో ఎవరికో అడ్డదారిన పెడుతున్నారని. పిక్కార్దా నోట అదే మాటలో మంట ఆరిపోతుంది, ఎందుకంటే అక్కడ వడ్డించేవాడు ప్రతి ఒక్కరికీ మనవాడే. పైగా ఆ కడబంతి కూడా దాంతే కోసం వేసిందే! ఆమె కాపురం చంద్రుడిలో కాదట. చిన్నా పెద్దా అందరూ ఉండేది ఆ పై వెలుగులోనే. మనిషి కళ్లకు తేడా అర్థం కావాలని ఇంత దూరం దిగి వచ్చి కనబడ్డారు. మళ్లీ అదే, దిగిరావడం.

చిన్న తెరేజమ్మ అని మన కతోలికులు ముద్దుగా పిలుచుకునే లిజియు తెరేజా పసిప్రాయంలోనే ఈ చిక్కులో పడింది. పరలోకంలో అందరికీ ఒకే మహిమ ఎందుకివ్వడని ఆమె బెంగ. అక్క పౌలీన్ నాన్న తాగే పెద్ద గ్లాసు తెప్పించి, పక్కన ఆ పిల్ల కుట్టుపనికి వేలికి పెట్టుకునే చిన్న తొడుగు పెట్టి, రెండింటినీ అంచుదాకా నీళ్లతో నింపి, ఏది ఎక్కువ నిండిందో చెప్పమంది. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ పండితులు కూడి, దేవుణ్ని అందరూ చూస్తారు, కొందరు మరికొందరి కన్నా పరిపూర్ణంగా చూస్తారని తీర్మానించారు. పౌలీన్‌కు ఒక గ్లాసు నీళ్లు సరిపోయాయి.

మన ఉజ్జీవ కూటాల్లో ప్రసంగీకులు కిరీటాలు వేళ్ల మీద లెక్కపెడతారు: జీవకిరీటం, నీతికిరీటం, వాడబారని మహిమకిరీటం. వినే జనంలో ఆశ కదులుతుంది, తప్పేం లేదు. కానీ ప్రకటన గ్రంథంలో ఆ 24 మంది పెద్దలు కిరీటాలను ఏం చేశారో చూడండి. నెత్తినే ఉంచుకోలేదు, తీసి సింహాసనం ముందు పడేశారు. హెచ్చు దొరికింది వదిలెయ్యడానికి!

పరలోకమా, దాంతే చూసిన నీ సూర్యగోళం వేడుక కూడా చెప్పుకోవాలి. భూమ్మీద దొమినికన్ల సభకూ ఫ్రాన్సిస్కన్ల సభకూ పోటీ. అక్కడ దొమినికన్ అయిన తోమా అక్వినాసు ఫ్రాన్సిస్‌ని ఆకాశానికెత్తుతాడు, ఫ్రాన్సిస్కన్ అయిన బొనవెంతూర దొమినిక్‌ని కీర్తిస్తాడు. ఇద్దరూ సొంత సభను మాత్రం తిడతారు. తోమా పక్కనే వెలుగుతున్నది ఎవరనుకున్నారు? సీజె. పారిస్‌లో ఎవరి బోధను తోమా ఖండించాడో ఆయనే. దాంతేకు సీజెని గౌరవంగా పరిచయం చేసింది కూడా తోమానే.

అందుకే నిన్నొకటి అడగాలనుంది. నాలుగో శతాబ్దిలో రోములో జొవినియన్ అనే సన్యాసి ఉండేవాడు. నీకు మెట్లే లేవన్నాడు. కన్యలకూ పెళ్లయినవాళ్లకూ నీలో ఒకే ఫలం, ద్రాక్షతోటలో పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం వచ్చినవాడికీ ఒకటే దేనారం ఇవ్వలేదా అని వాదించాడు. రోమూ మిలానూ ఆయన్ని వెలివేశాయి. 393లో బేత్లెహేము నుంచి బైబిల్ పండితుడు జెరోము విరుచుకుపడ్డాడు. చుక్కకూ చుక్కకూ వెలుగులో తేడా ఉందని, తండ్రి ఇంట అనేక నివాసాలున్నాయని వచనాలన్నీ ముందేసుకుని, తన సొంత స్నేహితుడే సిగ్గుపడి ప్రతులు వెనక్కి తెప్పించే ప్రయత్నం చేసేంత ఘాటుగా రాశాడు. జొవినియన్ పుస్తకాలు పోయాయి. ఆయన మాటలు మనకు దక్కింది ఎక్కువగా జెరోము తిట్టడానికి ఎత్తి రాసుకున్న చోటే. ఇప్పుడు చెప్పు, నీకు మెట్లు లేవన్నవాణ్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టావు? జెరోముకు పక్కనేనా? అయితే ఆయన్ని ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వచ్చినప్పుడు జెరోము ఏమంటున్నాడు?