రెండు వైపులా విచ్చుకున్న కళ్లు

కొబ్బరిచెట్టు మొవ్వులో కొండచిలువ. కాయలు దింపడానికి పైకెక్కిన పదహారేళ్ల కుర్రవాడు దాని బారి నుంచి తప్పించుకోబోయి చెట్టు మీది నుంచి పడ్డాడు. ఆఫ్రికాలో, టోగో దేశపు కోస్తాలో, లోమే నగరానికి దాపున జరిగిందిది. ఇంట్లోవాళ్లు అతణ్ణి అడవిలో కొండచిలువను కొలిచే పూజారిణి దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె బతికించింది. అందుకు బదులుగా కొడుకును ఆ కొలువుకే అప్పగిస్తానని తండ్రి మాట ఇచ్చాడు. కోలుకుంటున్న రోజుల్లో ఆ పిల్లవాడు లోమేలో మిషన్ వారి పుస్తకాల దుకాణంలో ఒక పుస్తకం చూశాడు. అట్ట మీద తోలుబట్టలు తొడుక్కున్న వేటగాడు. రొబేర్ జెసెన్ అనే ఆయన ఎస్కిమోల గురించి రాసిన పుస్తకమది. చదువుతూ పోతే గ్రీన్‌లాండ్ అనే దీవి. అంతా మంచు. అక్కడ చెట్లుండవు. పాములుండవు.

చెట్టూ పామూ కలిసి ప్రాణం మీదికి తెచ్చిన పిల్లవాడికి ఆ రెండు మాటలు మోక్షద్వారంలా కనిపించి ఉంటాయి. ఆ ద్వారం వెతుక్కుంటూ అతను ఇల్లు విడిచాడు. టేటే-మిషెల్ క్పొమాసీ అనే ఆ మనిషి ఫ్రెంచిలో రాయగా 1981లో వెలువడిన యాత్రాకథ 'ఆన్ ఆఫ్రికన్ ఇన్ గ్రీన్‌లాండ్' పేరుతో ఇంగ్లీషులో దొరుకుతుంది. ధ్రువసీమల మీద పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇది మాత్రం చదివి మూసేశాక కూడా కళ్లలో మిగిలిపోతుంది. ఎందుకో చెప్పాలనే ఈ ప్రయత్నం.

అద్భుత రసానికి స్థాయి, అంటే నిలిచి ఉండే భావం, విస్మయం. ఈ కథ భయంతో మొదలవుతుంది. భయాన్ని విస్మయంగా మార్చడమే ఇందులోని మొదటి శిల్పం. పాము నుంచి పారిపోవడం ఒక పేజీలో ఉంటుంది, మంచు వైపు పరుగెత్తడం దాని వెనకే వస్తుంది. రెండూ ఒకే పరుగు. అబిజాన్, ఆక్రా, డకార్ మీదుగా, దొరికిన పని చేసుకుంటూ, మార్సేయి, పారిస్, చివరికి కోపెన్‌హాగన్. ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్ల కష్టాన్ని మరొకరైతే వందల పేజీలు సాగదీసి మన జాలి అడిగేవారు. క్పొమాసీ త్వరత్వరగా దాటేస్తాడు. కరుణకు చోటివ్వకుండా అద్భుతం కోసమే కథను కాపాడుకోవడం గొప్ప ఔచిత్యం.

1965లో ఓడ గ్రీన్‌లాండ్ దక్షిణాన యూలియానెహోబ్ రేవుకు చేరింది. ఆ ఊరి స్థానిక నామం ఖఖోర్తోఖ్. అంటే తెల్లనిది. ఆ ఊళ్లో ఓడ దిగుతున్నవాడు పొడుగాటి నల్లని మనిషి. రేవులో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కొందరు పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు, కొందరు తమ కథల్లోని భూతాల పేర్లు పలికారు. ఆ తర్వాత నెమ్మదిగా చిరునవ్వులు వచ్చాయి.

నేను ఈ పుస్తకానికి దాసుణ్ణయింది ఇక్కడే. రెప్పవేయని చూపు, విచ్చుకున్న కళ్లు, గగుర్పాటు, సంతోషం: ఇవి అద్భుతానికి అనుభావాలని, అంటే లోపలి భావాన్ని బయటపెట్టే గుర్తులని, నాట్యశాస్త్రం చెప్పింది. యాత్రాకథల్లో మామూలుగా ఇవన్నీ యాత్రికుడివి. అక్కడి జనం విభావాలు మాత్రమే, అంటే చూసి ఆశ్చర్యపోవడానికి ఉన్న వస్తువులు. ఇక్కడ అనుభావాలు రేవులో నిలబడ్డవాళ్ల ముఖాల మీద కూడా ఉన్నాయి. చూడవచ్చినవాడే వాళ్ల విస్మయానికి ఆలంబనమయ్యాడు. విస్మయం రెండు వైపులా సమానంగా పుట్టింది. సమానంగా పుట్టింది కాబట్టే ఇందులో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అన్న మాట లేదు.

వచ్చిన చోటు కలలోని చోటు కాదు. దక్షిణాన డేనిష్ పద్ధతి ఇళ్లు, కాఫీ విందులు, తాగుడు, పని లేక దిగులుపడ్డ జనం. అట్ట మీది వేటగాడు ఎక్కడా లేడు. నిరాశను ఆయన దాచడు. అలాగని ఆ జనాన్ని తీర్పు తీర్చే కుర్చీలో కూర్చోడు. నిర్వేదం సంచారిలా వచ్చి పోతుంది, స్థాయి చెదరదు. కాళ్లు ఉత్తరానికి కదులుతాయి.

డిస్కో అఖాతం తీరాన చలికాలం. సూర్యుడు వారాల తరబడి మొహం చూపని చోటు. అక్కడి పెద్ద ఊరికి అప్పట్లో యాకోబ్స్‌హావ్న్ అని పేరు, నేడు ఇలులిస్సాత్. ఆ మాటకు మంచుకొండలనే అర్థం. పక్కనే హిమానీనదం విరిగి కొండలు కొండలుగా సముద్రంలోకి తేలిపోతుంటుంది. క్పొమాసీ అక్కడ కుక్కల బండి తోలడం, మంచుకు కన్నం చేసి చేపలు పట్టడం నేర్చాడు. మత్తాక్ అనే పచ్చి తిమింగలం తోలూ, సీల్ కొవ్వూ తిన్నాడు. ఆకాశంలో ధ్రువకాంతులు చూశాడు. అద్భుతాన్ని నాట్యశాస్త్రం రాసిన భరతుడు దివ్యమనీ ఆనందజమనీ రెండుగా విభజించాడు. ఆకాశంలో ఆడే వెలుగు దివ్యం. చలిలో ఒణుకుతూ తలుపు తట్టిన పరాయివాణ్ణి లోపలికి పిలిచి, ఉన్న మాంసంలో ముక్క కోసి చేతిలో పెట్టడం ఆనందజం. ఈ పుస్తకంలో రెండోది మొదటిదాన్ని మించిపోయింది. వెలుగులు కొన్ని వాక్యాల్లో మెరిసి మాయమవుతాయి, అన్నం పెట్టిన చేతులు మాత్రం పేజీ తర్వాత పేజీలో కదులుతూనే ఉంటాయి.

ఇంకా ఉత్తరాన థూలే దాకా వెళ్లాలనుకున్నాడు. ఉపెర్నవిక్ దగ్గర ప్రయాణం ఆగింది. వసంతపు చోటు అని ఆ ఊరి పేరుకు అర్థం. అక్కడ రాబర్ట్ మత్తాఖ్ అనే ముసలాయన మట్టిగడ్డలు పేర్చి కట్టిన ఇంట్లో ఆశ్రయం దొరికింది. ఆ ఇంటి గోడల నిండా పత్రికల కాగితాలు, పొర మీద పొర. లోకంలోని సంగతులన్నీ ఆ గోడల మీద ఉన్నాయి. అదే ఆయన గ్రంథాలయం.

ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. ఎండదేశంలో ఒక పిల్లవాడు కాగితం మీద మంచును చదివాడు. మంచుదేశంలో ఒక ముసలివాడు కాగితం మీద మిగతా లోకాన్ని చదివాడు. ఒకరికొకరు తెలియకుండా, ఒకే ఆకలితో, భూగోళం రెండు కొసల నుంచి చదువుకుంటూ వచ్చిన ఇద్దరు పాఠకులు ఒకే కప్పు కింద కలుసుకున్నారు. రేవులో ఎదురెదురుగా నిలబడ్డ రెండు విస్మయాలు ఇక్కడ పక్కపక్కన కూర్చుని ఒకే గోడను చదువుతున్నాయి. ముసలాయన అతనికి తండ్రి వంటివాడు కావడంలో వింతేముంది!

అంత ప్రేమించిన దేశంలో ఉండిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అతనికీ అనిపించింది. అయినా బయల్దేరాడు. తాను చూసింది తన ఆఫ్రికా పిల్లలకు చెప్పాలి గదా! ఒక పుస్తకం అతణ్ణి ఇక్కడికి పంపింది, తాను మరో పుస్తకమై తిరిగి వెళ్లాడు.

దూరదేశాల గురించి రాయదలచినవారు ఈ పుస్తకం ఒక్కసారైనా చదవండి. మీరు చూసింది రాయడంతో యాత్రాకథ సగమే అవుతుంది. ఎదుటివాళ్ల కళ్లలో మీరెలా ఉన్నారో కూడా రాసినప్పుడే అది నిండుతుంది.