ఎడమచేతి పొదుపు

ఆర్కెస్ట్రా వీడియో పెడితే నా కళ్లు ముందు కండక్టర్ చేతుల మీదికే పోతాయి. కొందరు వేదిక మీద ఊగిపోతారు, జుట్టు ఎగురుతుంది, కోటు తడిసిపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఇంగ్లండుకు చెందిన ఏడ్రియన్ బోల్ట్ పాత వీడియోలే ఇష్టం.

నిటారుగా నిలబడ్డ పొడుగాటి మనిషి, గుబురు మీసం, చేతిలో పొడవాటి బేటన్. భుజాలు పెద్దగా కదలవు. మణికట్టూ వేళ్లూ చేసే పనంతా బేటన్ మొన దగ్గర కనిపిస్తుంది. 1912లో లైప్‌జిగ్ వెళ్లి, కండక్టర్ ఆర్థర్ నికిష్ రిహార్సల్స్ చూసి పట్టుకున్న విద్య అది. ఎడమచెయ్యి చాలాసేపు ఊరికే ఉంటుంది. అందుకే అది లేచిందంటే వాద్యకారులంతా అటు చూడాల్సిందే.

ఈ పొదుపు అందం కోసం కాదు. 1918 సెప్టెంబరు 29న లండన్ క్వీన్స్ హాల్‌లో స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ ఆర్కెస్ట్రా రచన ‘ది ప్లానెట్స్’ను తొలిసారి వినిపించింది బోల్టే. ఖర్చు హోల్స్ట్ స్నేహితుడిది, శ్రోతలు పిలిస్తే వచ్చినవాళ్లు, రిహార్సల్‌కు దొరికింది రెండు గంటలు కూడా లేదు. మొదటి భాగం ‘మార్స్’ నడక ఐదు లెక్క, మన తాళాల్లోని ఖండం లాగా. కొత్త కాగితాలు ముందు పెట్టుకుని అది వాయించేవాళ్లకు కావలసింది ఆవేశం కాదు, దెబ్బ ఎక్కడ పడుతుందో స్పష్టంగా చూపించే చెయ్యి.

వాద్యకారుల్ని కూర్చోబెట్టడంలోనూ ఆయనకో పట్టుదల: మొదటి వయొలిన్లు ఎడమపక్క, రెండోవి కుడిపక్క. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ చివరి భాగం మొదట్లో రాగం ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు. ఒక స్వరం వీళ్లది, తర్వాతిది వాళ్లది. అందరినీ ఒకేపక్క కుదిస్తే ఆ పంపకం చెవికి అందదు. ఎదురెదురుగా కూర్చుంటే రాగం వేదిక అంతటా అటూ ఇటూ ఊగుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇంగ్లిష్ సంగీతం తప్ప మరేమీ పట్టని పెద్దమనిషని ఆయనకు ఒక ముద్ర ఉంది. అన్యాయం. 1930లో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాను తీర్చిదిద్దింది ఆయనే. 1934లో ఆస్ట్రియా స్వరకర్త ఆల్బన్ బెర్గ్ ‘వోట్సెక్’ ఒపెరాను బ్రిటన్ శ్రోతలకు కచేరీగా వినిపించిందీ ఆయనే. 1950లో అరవై దాటాయంటూ బీబీసీ సాగనంపితే లండన్ ఫిల్‌హార్మోనిక్‌కు వెళ్లి పని కొనసాగించారు.

1978లో, ఎనభై తొమ్మిదో ఏట, ‘ది ప్లానెట్స్’ను మళ్లీ రికార్డు చేశారు. అందులో ‘మార్స్’ మరీ నెమ్మదని కొందరి ఫిర్యాదు. నన్ను భయపెట్టేది ఆ నెమ్మదే.