హాస్యమున జాతిప్రస్తావన

భరతముని నాట్యశాస్త్రమున స్మితము మొదలు అతిహసితము వరకు నవ్వును ఆరు విధములుగా విభజించుచు, ఉత్తమ మధ్యమాధమ భేదమున నవ్వెడివారినే ప్రమాణముగ గైకొనెను. అమెరికాలో ఒక్కడే వేదికపై నిలిచి, వేషమును తోడినటులును లేక సభను నవ్వించు స్టాండప్ హాస్యమున జాతిప్రస్తావన యెచ్చట అవమానముగ మారునను చర్చకు ఈ ప్రమాణము మిక్కిలి యుపకరించును.

నిషిద్ధపదము వాడరాదని కొందరు, తన జాతిని తాను పరిహసించుకొనవచ్చునని కొందరు చెప్పుదురు. ఈ రెండును చాలవు. నల్లజాతివాడైన రిచర్డ్ ప్రయర్ తన జాతిని నిందించు పదమును 1974 నాటి రికార్డు పేరులోనే నిలిపి, దాని విషమును హరింపజూచెను. 1979లో కెన్యా చూచివచ్చిన పిదప ఆ పదమునే విడిచెను. క్రిస్ రాక్ 1996లో తనవారిని గూర్చి చేసిన ప్రసంగము విశేషఖ్యాతి గాంచినది. కాని అది విన్న కొందరు ఆ పదమును తామును వాడవచ్చునని తలంచుటచే, ఆయన దానిని మరల ప్రదర్శింపడయ్యెను.

డేవ్ షపెల్ ఉదంతము మరింత లోతైనది. ముఖమునకు నల్లరంగు పూసుకొనుట, పూర్వము తెల్లనటులు నల్లవారిని వెక్కిరించుటకు వేసిన వేషము. ఆ వెక్కిరింతనే ఎత్తిపొడుచుచు టెలివిజను ప్రదర్శనకై ఆయన ఆ వేషమున నటించుచుండగా, బృందములోని తెల్లవాడొకడు పకపక నవ్వెను. ఆ నవ్వు తన యెత్తిపొడుపునకు గాక వేషమునకే చెందినదని ఆయనకు తోచెను. 2005లో కోట్ల డాలర్ల యొప్పందమును విడిచి దక్షిణాఫ్రికాకు వెడలెను. సభలో నొక మూఢుని నవ్వునకు హాస్యకారుడు బాధ్యుడా యని యడుగవచ్చును. కాడు. కాని ప్రసంగములోని యాలోచనను తీసివైచినను వెక్కిరింత యంతగనే నవ్వింపగల్గినచో, అది హద్దు దాటినదే. (2006లో మైకేల్ రిచర్డ్స్ ప్రేక్షకులపై కురిపించినది కేవలదూషణము, దానినిచట చర్చింప బనిలేదు.)

న్యూయార్కులో తెలుగుకుటుంబమున బుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు 2017 నాటి తన చిత్రమున నిలదీసినదియు నిదియే. సింప్సన్స్ ధారావాహికలో భారతీయవర్తకుడైన అపూకు తెల్లనటుడు హ్యాంక్ అజేరియా 1990 నుండి గొంతు నిచ్చెను. ఆ యాసనే బడిపిల్లలు భారతీయబాలుర నేడిపించుటకు వాడుకొనిరి. 2020లో ఆ నటుడు ఆ పాత్రను మానెను.

తమిళనాట స్థిరపడిన మనవారికిది క్రొత్త గాదు. తెల్గు అను మాటను తిరుగవేసి గొల్టి యని పిలుచుట వారెరుగుదురు. అయితే మన చలనచిత్రములలో అరవయాస పలుకు పాత్రలకు యాస తప్ప వేరు హాస్యమెంత గలదో, ఆ కొలతతోనే చూడవలసియున్నది.