హక్స్లీ చూచిన పువ్వులు

మెక్సికో ప్రాంతపు పెయోటీ యను ముండ్లులేని జెముడుమొక్కయందు మెస్కలిన్ అను మాదకద్రవ్యము కలదు. ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్లీ 1953 మే నెలలో, లాస్ ఏంజెలెస్‌లోని తన యింట, మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ సమక్షమున ఆ ద్రవ్యమును 0.4 గ్రాము సేవించెను. 1954లో ఆ యనుభవమునే 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' అను చిన్న గ్రంథముగా ప్రకటించెను.

పదునారవయేటనే చూపు దెబ్బతిన్న ఆయనకు పాత్రలోని మూడు పువ్వులును, తన పంట్లాము ముడుతలును అపూర్వశోభతో గోచరించినవి. వర్ణన మనోహరము. అయితే చూచినది మందు బలముచే నైనను, చెప్పగలిగినది జీవితకాలపు విద్యాబలముచేతనే.

గ్రంథమునకు ప్రాణమైన మాట వేరొకటి కలదు. ఆ గదిలోనే యున్న భార్య కన్నులలోనికి చూడకుండ తాను బుద్ధిపూర్వకముగా తప్పించుకొంటినని ఆయనయే వ్రాసినాడు. పువ్వును దగ్గరచేసి మనుష్యుని దూరముచేసిన చూపును సంపూర్ణదర్శన మనుట యెట్లు? ఈ లోపమును హక్స్లీ దాచలేదు. మందును పొగడిన పుటలకంటె ఆ యొక్క పుటయే పాఠకునకు ఎక్కువ మేలుచేయును.