సందేహించువాడు అవిశ్వాసియా? – వర్ని, బోధన్ సంఘముల నేపథ్యములో ఒక పరిశీలన

సందేహించుట పాపమని, సందేహించువాని ప్రార్థన దేవుడు ఆలకింపడని మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినిపిస్తుంది. దీనికి ఆధారముగా యాకోబు 1:6 చూపుతారు. ఈ బోధ వాక్యానుసారమైనదేనా అని ఇక్కడ పరిశీలించదలిచాము.

మాట ఒకటి, మూలములు రెండు

తెలుగు బైబిలులో మత్తయి 14:31, 28:17, యాకోబు 1:6 – ఈ మూడు చోట్లా సందేహమనే మాటే ఉన్నది. గ్రీకులో మాత్రము రెండు వేర్వేరు క్రియలున్నాయి. మత్తయి వాడినది ‘దిస్తాజో’. క్రొత్త నిబంధన అంతటిలో ఇది ఆ రెండు చోట్లనే కనబడుతుంది. నీళ్లలో మునిగిపోతున్న పేతురు, గలిలయ కొండ మీద ఆరాధన మధ్యనే తటపటాయించిన శిష్యులు – వీరి స్థితి అది. ప్రభువు ముందు పేతురు చెయ్యి పట్టుకొని, తరువాతనే ప్రశ్నించాడు. కొండ మీద సందేహించినవారిని వేరు చేయక, అందరికీ కలిపి ఒకే ఆజ్ఞ ఇచ్చాడు.

యాకోబు వాడినది ‘దియాక్రినో’. ఇదే క్రియ 2:4లో, ధనవంతునికి మంచి చోటు చూపి దరిద్రుని క్రింద కూర్చుండబెట్టే సంఘపు పక్షపాతాన్ని తెలుపుతుంది. తెలుగులో అక్కడ మాట మారినందున ఈ సంబంధము మన పాఠకునికి కనబడదు. యాకోబు గద్దించేది మనస్సును రెండుగా పంచుకొన్నవానిని (1:8), కన్నీటితో ప్రశ్నించేవానిని కాదు. యూదా 22లోనూ అదే క్రియ ఉన్నది. అక్కడ ఆజ్ఞ కనికరించమని.

న్యూబిగిన్ సమాధానము చాలునా?

దక్షిణ ఇండియా సంఘపు బిషప్పుగా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్, 1995లో వెలువడిన ‘ప్రాపర్ కాన్ఫిడెన్స్’ గ్రంథములో, సమస్తాన్నీ సందేహించి నిశ్చయతను చేరవచ్చునన్న డేకార్ట్ మార్గాన్ని విమర్శించారు. ఆ విమర్శ విలువైనదే. అయితే అది ముఖ్యముగా పాశ్చాత్య మేధావి సందేహానికి జవాబు. మన ప్రాంతపు విశ్వాసి సాధారణముగా దేవుడున్నాడా అని అడగడు. ఉండి ఎందుకు ఊరకున్నాడని అడుగుతాడు.

శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. జీతము ఆగిన కార్మికునికి, చెరకు ఎక్కడ తోలాలో తెలియని రైతుకు ‘నీ విశ్వాసము చాలలేదు’ అని చెప్పుట సువార్త అవుతుందా? మనుష్యులు తీసుకొన్న నిర్ణయానికి బాధ్యతను బాధితుని ప్రార్థన మీద మోపుట అన్యాయము.

డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి చరిత్ర కూడా ఇదే నేర్పుతుంది. డాక్టర్ ఇసబెల్ కెర్ సేవతో 1915లో అది ఆరంభమైంది. డాప్సోన్ మందు 1940లలో గాని వాడుకలోనికి రాలేదు. అంతవరకు చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లే ముఖ్య ఆధారము. స్వస్థత కలగకపోవుటే అవిశ్వాసానికి గుర్తు అయితే, ఆ తరము రోగులలో ఎందరినో మనము అవిశ్వాసులుగా తీర్పు తీర్చినట్లే.

కాపరి ఏమి చేయాలి?

సందేహాన్ని పొగడమని మా ఉద్దేశము కాదు. ప్రభువు తోమాను సందేహములోనే విడిచిపెట్టలేదు. కాని, నమ్మనని పలికిన తోమా ఎనిమిది దినముల తరువాత కూడా శిష్యులతోనే ఉన్నాడు. ఆ సహవాసములోనే ప్రభువు అతనికి కనబడ్డాడు. ఇతరులు అతనిని వెలివేసి ఉంటే?

కనుక 88వ కీర్తన వంటి విలాపములను మన ఆరాధనలో చదవాలి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా దేవునితోనే మాట్లాడుతుంది. ప్రశ్నించే విశ్వాసికి జవాబు దొరికే వరకు సంఘములో చోటు ఉండాలి. ఆ చోటును కాపాడుటయే కాపరి పని.